వాడు మావాడే, ఇక ఫైలు అడగొద్దు

అమెరికాలో ట్రక్కు కంపెనీ ఓనర్లను తలుచుకుంటే జాలేస్తుంది. సరుకుతో కలిపి 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల పైచిలుకు తూగే బండిని ఒకడి చేతికిచ్చే ముందు, వాడి గతం ఏమిటో కనుక్కోవాలట! మనుషులను ఇంతగా అనుమానిస్తే వ్యాపారం సాగేదెలా?

అక్కడి ఫెడరల్ నిబంధనల బాధ అంతా ఇంతా కాదు. డ్రైవర్ పదేళ్ల ఉద్యోగాల చిట్టా రాయాలి. మూడేళ్ల డ్రైవింగ్ రికార్డు తెప్పించాలి, పాత యజమానులను వాకబు చేయాలి. 2020 జనవరి నుంచి ఇంకో టెన్షన్: డ్రగ్స్, మద్యం పరీక్షల్లో దొరికినవాళ్ల వివరాలు క్లియరింగ్‌హౌస్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఉంటాయి, స్టీరింగ్ అప్పగించే ముందే అందులో చూడాలి. కంప్యూటర్ ముందు కూర్చుని పేరు, లైసెన్స్ నంబర్ కొట్టే కష్టం బయటివాళ్లకేం తెలుస్తుంది?

కాస్త దయ కూడా ఉంది లెండి. డ్రైవింగ్ రికార్డూ, పాత యజమానుల జవాబులూ ఉద్యోగంలో చేరిన 30 రోజుల్లోపు ఫైల్లో చేరితే చాలు. మనిషి ఇవాళ బండెక్కుతాడు, వాడి చరిత్ర వచ్చే నెల తీరిగ్గా దిగుతుంది.

ఇక ఆ ఫైలు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మధ్యలో రెండేళ్లు ఖాళీ. పాత ఉద్యోగం ఎందుకు మానేశారన్న చోట 'వ్యక్తిగతం'. పాత కంపెనీ ఫోన్ నంబర్ గడిలో ఒక గీత. అన్నింటికీ కింద రిక్రూటర్ సంతకం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో.

ప్రమాదం జరిగాక బాధితుల లాయర్లు వస్తారు. 'మాకు తెలీదండీ' అంటే వినరు, 'తెలుసుకోవాల్సింది కదా' అంటారు. చట్టం కూడా వాళ్లవైపే మాట్లాడుతుంది.

అయితే మన ఓనర్లూ తక్కువ తినలేదు. నిన్నటిదాకా పన్నుల దగ్గర, బీమా దగ్గర ఆ డ్రైవర్ 'స్వతంత్ర కాంట్రాక్టర్', కంపెనీకి ఏమీ కాడు. కోర్టు మెట్లెక్కగానే కన్నబిడ్డంత దగ్గరవాడైపోతాడు: 'అవునండీ, వాడు మావాడే. తప్పు చేస్తే డబ్బు మేమే కడతాం.' ఎంత నిజాయితీ అనుకుంటున్నారా? చాలా రాష్ట్రాల్లో కంపెనీ ఇలా ఒప్పుకుంటే, నిర్లక్ష్యంగా ఉద్యోగమిచ్చారన్న ఆరోపణ మామూలుగా పక్కకు పోతుంది. మిస్సోరి సుప్రీంకోర్టు 1995లోనే ఈ దారి చూపింది. టెక్సస్ 2021లో ఏకంగా చట్టమే చేసింది: విచారణ రెండు దశలు, కంపెనీ ఒప్పుకుంటే ఆ గొడవ చాలావరకు మొదటి దశలోకి రాదు. ఆ ఖాళీ గళ్లూ, ఆ గీతా జ్యూరీ కంట పడకుండానే చాలా సంగతులు తేలిపోవచ్చు. ఒప్పుకోవడంలో ఇంత లాభం ఉందని చిన్నప్పుడు మనకెవరూ చెప్పలేదు.

అంతకీ పీకల మీదికొస్తే కంపెనీకి తాళం వేసి, చుట్టాల పేరుతో కొత్త డీఓటీ నంబర్ (రవాణా శాఖ కంపెనీకిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకునే ఘనులున్నారు. నిబంధనలకు విరుద్ధమే అనుకోండి. బండ్లు అవే, డ్రైవర్లు వాళ్లే, తలుపు మీద స్టిక్కర్ కొత్తది. ఇలాంటివాటిని అక్కడ ఊసరవెల్లి కంపెనీలంటారు. తప్పేముంది? డ్రైవర్ పాత రికార్డు చూడని ఓనరు, తన పాత రికార్డు మాత్రం ఎవరైనా ఎందుకు చూడాలంటాడు.