పెండింగ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెండింగ్ గారికి,

నిన్న మధ్యాహ్నమంతా హనుమకొండలో తమరి దర్శనానికే సరిపోయింది. ఇంటి పన్ను పుస్తకంలో నాన్న పేరు తీసి అమ్మ పేరు ఎక్కించమన్న దరఖాస్తు ఏమైందని అడిగితే, కిటికీ అవతలి ఆయన తెర నా వైపు తిప్పారు. పసుపు పట్టీలో తమరు.

"పెండింగ్‌లో ఉందమ్మా."

ఎవరి దగ్గర?

"లాగిన్‌లో."

ఎవరి లాగిన్‌లో?

"అదేనమ్మా, పెండింగ్‌లో." అని భోజనానికి లేచారు.

ఇంగ్లీషులో తమరు విశేషణమని బడిలో చదువుకున్నాను. పెండింగ్ ఫైలు, పెండింగ్ బిల్లు అంటూ నామవాచకం ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. మా దగ్గరికి వచ్చాక ఒక "లో" తగిలించుకుని ఏకంగా చిరునామా అయిపోయారు. ఏ వీధి, ఎన్నో అంతస్తు అని మాత్రం అడగకూడదు. "నేను సంతకం పెట్టలేదు" అంటే ఒక మనిషి దొరుకుతాడు, ఎందుకు పెట్టలేదో చెప్పాల్సి వస్తుంది. "పెండింగ్‌లో ఉంది" అంటే కర్తే లేడు. ఫైలు తనంతట తాను నడిచివెళ్లి అక్కడ కూర్చుందన్నమాట.

వేలాడడమనే అర్థమున్న లాటిన్ మాట తమరి పుట్టిల్లు. గోడ గడియారంలో పెండ్యులం కూడా తమరి చుట్టమే. అది కనీసం అటూ ఇటూ కదులుతుంది.

ఓరుగల్లు మీద తమరి మమకారం ఈనాటిది కాదు లెండి. కాజీపేటకు వస్తుందన్న కోచ్ ఫ్యాక్టరీ 1985లో కపుర్తలాలో పునాదిరాయి వేయించుకుంది. 2014 విభజన చట్టం ఆరు నెలల్లో పరిశీలిస్తామంది. 2023 జులైలో వ్యాగన్ల తయారీకి శంకుస్థాపన జరిగింది. ఆరు నెలలంటే ఎంతో మాకు అప్పుడు తెలిసింది. బయ్యారం ఉక్కుకూ అదే చట్టం, అదే ఆరు నెలలు. మామునూరు విమానాల ఊసు ఎత్తను.

అదంతా పెద్దల వ్యవహారం, పోనివ్వండి. నాకు మండేది ఒక్కచోట. పన్ను నోటీసు మాత్రం ఠంచనుగా వచ్చింది, కాలం చేసిన మా నాన్న పేరు మీదే. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఆ కాగితాన్ని తిరగేసి బోర్లేసి చూశాను, తమరు ఎక్కడా లేరు. అదేమి? మేము పడ్డ బాకీ పక్కన రెండు రోజులు నిలబడడానికి నీకు కాళ్లు రావా? "పన్ను పెండింగ్‌లో ఉంది బాబూ" అని మా అమ్మ అంటే ఊరుకుంటారా?

పక్క కిటికీలోనే కట్టేశాను. చిల్లరతో సహా లెక్కపెట్టుకుని, తీసుకున్నవారి పేరు, సంతకం, గుండ్రటి ముద్ర, వేళ అన్నీ వేసి రసీదు చేతిలో పెట్టారు. డబ్బు పుచ్చుకునేటప్పుడు కర్త ఎంత చక్కగా దొరికాడో చూశావా, సిగ్గులేనిదానా!

ఇట్లు,
నీలోనే కాపురముంటున్న ఒక దరఖాస్తుదారు,
హనుమకొండ