డాన్సర్లకు డిమోషన్

టోక్యో నేషనల్ మ్యూజియంలో ఇద్దరు సీనియర్ కళాకారులకు పట్టపగలు అన్యాయం జరుగుతుంటే పట్టించుకునే నాథుడు లేడు. వాళ్లు మట్టి మనుషులు కాబట్టి ధర్నాకు కూర్చోలేరు, అదే అలుసు.

3 నుంచి 6వ శతాబ్దం దాకా జపాన్‌లో పెద్ద హోదా ఉన్నవాళ్లు పోతే దిబ్బలాంటి సమాధి కట్టి, దాని మీదా చుట్టూ నిలబెట్టిన మట్టి బొమ్మలే హనివాలు. 1930లో సైతామా ప్రాంతంలో దొరికిన ఈ ఇద్దరికీ కళ్లంటే రెండు చిల్లులు, నోరంటే ఇంకో చిల్లు. ఒక చెయ్యి పైకెత్తి ఉంది. ఇంకేం, డాన్స్ అనేశారు. ఇప్పుడు వేరే పండితులొచ్చి డాన్సూ లేదు పాడూ లేదు, ఆ చేత్తో గుర్రం పగ్గం పట్టుకున్నారంటున్నారు. సాక్ష్యమేమిటయ్యా అంటే, పొట్టివాడి నడుం వెనక గుర్రానికి గడ్డి కోసే కొడవలి ఉందట! కొడవలి దోపుకుని చిందెయ్యకూడదని ఏ శాస్త్రంలో ఉందో మరి.

మ్యూజియం మాత్రం గడుసుది, పాత పేరే ఉంచింది. దాని మస్కట్ తోహకు-కున్‌ది కూడా ఈ డాన్సర్ పోలికే కదా, రేపు వాణ్ణి గుర్రాల కాపరి అంటే పిల్లల ముందు ఏం పరువుంటుంది? పాత రిపేర్ల ప్లాస్టర్ పాడైపోతే జనం చందాలు కూడా వేసుకున్నారు, 2022 అక్టోబర్ నుంచి 2024 మార్చి దాకా మళ్లీ బాగుచేశారు. గుర్రాల కాపరుల పేరు చెప్పి అడిగుంటే ఎంత వచ్చేదో నాకైతే డౌటే.

గున్మా ప్రాంతం నుంచి వచ్చిన కవచం సిపాయి కథ ఇంకా ఘోరం. 1974లో హనివాల్లో మొట్టమొదటి జాతీయ నిధి అయ్యాడు. ఆ మట్టి రంగు, ఆ నిరాడంబరత్వం అంటూ అందరం మైమరచిపోయాం. 2017–19లో ముక్కలు విప్పి, శుభ్రంచేసి, పరీక్షించి చూస్తే ఏముంది, అయ్యగారు ఒకప్పుడు ఒళ్లంతా తెల్లరంగు, పైన ఎరుపు, బూడిద రంగు పూసుకుని పెళ్లికొడుకులా ఉండేవాడట!

అసలు తప్పుడు వివరణలకు ఆద్యులు పాత చరిత్రకారులే. బతికున్న మనుషుల్ని పాతిపెట్టే బదులు మట్టి బొమ్మలు పెడదామని నోమి నో సుకునే అనే ఆస్థానికుడు సలహా ఇచ్చాడని 720 నాటి జపాన్ చరిత్ర గ్రంథం నిహోన్ షోకి చెబుతుంది. అదే నిజమైతే మొదట మనుషుల బొమ్మలే ఉండాలి కదా, తవ్వి చూస్తే ముందు వచ్చినవి ఉత్త మట్టి గొట్టాలు, మనుషుల బొమ్మలు చాలా తర్వాత 5వ శతాబ్దంలో వచ్చాయి.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. అతుకు పెట్టేటప్పుడు రేపటివాళ్లు ఊడదీసుకోగలిగే జిగురు చూసి మరీ వాడతారు కదా, బోర్డు మీద పేరు కూడా పెన్సిల్‌తోనే రాయాలి. రబ్బరు ఖర్చు కావాలంటే నేను పెట్టుకుంటా.