బీకన్ లేని స్కీయర్‌కు అఫర్వాత్ టికెట్ ఇవ్వొద్దు

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ మంచు చరియల కింద ప్రాణాలు వదిలారు. రెండుసార్లూ నాలుగు రోజులు హడావుడి చేసి ఊరుకున్నాం. స్కీలో, స్నోబోర్డో భుజాన వేసుకుని అఫర్వాత్ కొండ మీదికి వెళ్లే గోండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కేవాళ్ల దగ్గర బీకన్ (మంచులో కూరుకున్నా సంకేతం పంపే, ఇతరుల సంకేతాన్ని పట్టే చిన్న పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార లేకపోతే టికెట్ ఇవ్వకూడదు. అంతకు తక్కువ ఏం చేసినా కంటితుడుపే.

మొదటి దశ ముగిసే కాంగ్‌డూరి స్టేషన్ నుంచి ఆ కేబుల్ కారు సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పైన స్కీ గస్తీ సిబ్బంది చూసుకునే పరిధి దాటితే ఎవరూ అదుపు చేయని మంచే. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండి, గాలి మోసుకొచ్చి పేర్చిన గట్టి పలక కింద గుల్ల పొర ఉంటే, ఒక్క మనిషి బరువుకే ఆ పలక తెగిపోతుంది. స్కీయర్లను మింగిన చరియల్లో ఎక్కువ భాగం వాళ్లో, వాళ్ల బృందమో కదిలించినవే.

నిండా కూరుకుపోయినవాళ్లను మొదటి పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే చాలామంది బతుకుతారు. ఆ తర్వాత ఊపిరాడక పోయే ప్రాణాలే ఎక్కువ. హెల్మెట్ అక్కడ గాలినివ్వదు. కింది నుంచి సహాయక బృందం ఎంత వేగంగా బయల్దేరినా ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే, అదీ వాళ్ల దగ్గర మూడు పరికరాలూ ఉంటేనే. బీకన్ చోటు చూపుతుంది. దాని తెర మీద దూరం అంకె అతి తక్కువగా చూపిన దగ్గర మొదలుపెట్టి, ప్రోబ్‌ను వాలుకు లంబంగా, పాతిక సెంటీమీటర్ల ఎడంతో చుట్లు చుట్లుగా గుచ్చాలి. మనిషి తగిలాక ప్రోబ్‌ను బయటికి లాగకూడదు. నేరుగా పైనుంచి తవ్వితే కూరుకున్నవాళ్ల మీద బరువు పడుతుంది, ఊపిరికి మిగిలిన కాస్త ఖాళీ కూలుతుంది; వాలు దిగువ నుంచి అడ్డంగా తవ్వుకుపోవాలి. వెతికేటప్పుడు ఫోన్ బీకన్‌కు అర మీటరు దూరంలో ఉండాలి, లేదంటే సంకేతం చెదిరిపోతుంది. ఇదంతా ముందే సాధన చేయనివాళ్ల చేతుల్లో ఆ నిమిషాలు కరిగిపోతాయి.

సాహసం చేసేవాళ్ల ప్రాణం వాళ్లిష్టమని, నిబంధనలు పెడితే పర్యాటకులు తగ్గి స్థానికుల పొట్ట కొడతాయని అంటారు. తెగిన పలక దిగువనున్న మరొకరి మీద పడుతుంది. వెతకడానికి వెళ్లే గస్తీవాళ్లూ అదే వాలు మీద నిలబడాలి. అమెరికాలో మోంటానాలోని బ్రిడ్జర్ బౌల్‌లో ష్లాస్‌మన్స్ లిఫ్ట్ ఎక్కాలంటే ఒంటి మీద బీకన్ తప్పనిసరి. ఇటలీలో చరియల ముప్పు ఉన్నచోట ఈ మూడూ తీసుకెళ్లాలని 2021 నాటి చట్టమే చెబుతోంది. ఇక పరికరాలను అద్దెకిచ్చి, వాడకం నేర్పడం స్థానిక గైడ్లకు కొత్త ఆదాయం.

అసలు రోగం గుల్మార్గ్‌ది మాత్రమే కాదు. ఎక్కడికైనా చేర్చే ఏర్పాటుకు రిబ్బన్ కత్తిరిస్తాం, క్షేమంగా తిరిగి రప్పించే బాధ్యతను హెచ్చరిక బోర్డుకు వదిలేస్తాం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. జాకెట్ తొడుక్కోండని చెప్పడం వేరు, తొడుక్కునేదాకా బోటు కదలనివ్వకపోవడం వేరు. కాంగ్‌డూరి ప్లాట్‌ఫారం మీద ఆ రెండో పనే జరగాలి: బీకన్ సంకేతాన్ని పట్టే యంత్రం ఒకటి, సంకేతం రాకపోతే వెనక్కి పంపే అధికారమున్న ఉద్యోగి ఒకరు. ఈ సీజన్‌లోనే.