డైరీకెక్కని దెబ్బ

సోమవారం ఉదయం అనంతపురం వచ్చే బస్సుల్లో కాగితాల సంచులు పట్టుకున్న మనుషులు ఎక్కువగా కనిపిస్తారు. రాయదుర్గం వైపు నుంచి, గుంతకల్లు వైపు నుంచి, పుట్లూరు, యల్లనూరు పల్లెల నుంచి తెల్లవారకముందే బయలుదేరి, ఏమీ తినకుండానే కలెక్టరేట్ చేరతారు. సంచిలో పాత పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ నకలు, ఆధార్ జిరాక్సు, ఇంతకుముందు ఇచ్చిన అర్జీల రసీదులు ఉంటాయి. ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వాళ్లలో చాలామంది కొత్తవారు కారు. నాలుగోసారో, ఏడోసారో వచ్చినవారు. క్రితం అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చి ఉంటుంది. పొలం మాత్రం రికార్డులో ఇంకా మరొకరి పేరు మీదే ఉంటుంది.

ఆ సందేశం చూపించి, ఇదేమి పరిష్కారమని గొంతు పెంచిన మనిషి మీద పడే దెబ్బ గురించి ఈ రోజు రాస్తున్నాం.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు, ఒక్క కార్యాలయం సంగతీ కాదు. ధర పడిపోయిన రోజు మార్కెట్ యార్డు గేటు దగ్గర, బిడ్డ చనిపోయాడని తెలిసిన క్షణంలో ఆసుపత్రి వరండాలో, మూడు రోజులుగా కూతురు కనపడలేదని చెప్పుకోవడానికి వచ్చిన తల్లి నిలబడ్డ స్టేషన్ మెట్ల మీద కూడా ఇదే జరుగుతుంది. మెడ పట్టి తోయడం, కాలరు పట్టి ఈడ్చడం, చెంప మీద ఒకటి, పిక్కల మీద లాఠీతో రెండు. చూసినవాళ్లు "ఒకటి తగిలించి పంపించారు" అని చెప్పుకుని వెళ్లిపోతారు. ఎముక విరగదు, నెత్తురు రాదు. కానీ ఊళ్లో నలుగురూ పెద్దాయనా అని పిలిచే మనిషి, భార్య చూస్తుండగా, తన కొడుకు వయసున్న కానిస్టేబులు చేతిలో చెంపదెబ్బ తిని తిరుగు బస్సు ఎక్కడం ఎలా ఉంటుందో అధికారులు ఒక్కసారి ఊహించాలి. అలాంటివారిని మా విలేఖరులు పలకరిస్తే మొదట వచ్చే మాట "పేరు రాయకండి సార్" అన్నదే. పోలీసుల భయం కొంత ఉంటుంది. అంతకంటే ఊరికి తెలుస్తుందన్న సిగ్గే ఎక్కువ.

ఈ దెబ్బకు చట్టంలో ఎక్కడా చోటు లేదు. అయినా ఇది చట్టానికి అందకుండా పోతోంది. ఎందుకని చూస్తే, మనం గొప్పగా చెప్పుకునే రక్షణలన్నీ అరెస్టు దగ్గర మొదలవుతాయి. 1996 డిసెంబరులో, కస్టడీ మరణాలపై వచ్చిన డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్‌కూ తెలుసు. అరెస్టు మెమో రాయాలి, దానిపై సాక్షి సంతకం ఉండాలి, బంధువుకు కబురు చేయాలి, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి, న్యాయవాదిని కలవనివ్వాలి. గేటు దగ్గర కొట్టి పంపేసిన మనిషిని ఎవరూ అరెస్టు చేయలేదు. కాబట్టి మెమో లేదు, సాక్షి లేడు, డాక్టరు లేడు. ఆ రోజు అతను అక్కడికి వచ్చినట్టు కూడా పోలీసు కాగితం మీద ఉండదు. ఒంటి మీద కమిలిన మచ్చ వారంలో పోతుంది, దానితో పాటే రుజువూ పోతుంది.

ధైర్యం చేసి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లాడనుకుందాం. అక్కడ ఎదురయ్యే లెక్క చూడండి. సాధారణ గాయం చేయడం, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 115(2) సెక్షన్ కిందికి వస్తుంది. అది కాగ్నిజబుల్ నేరం కాదు, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అదే మనిషి మీద పోలీసులు "విధులకు ఆటంకం" కేసు పెట్టాలంటే 132వ సెక్షన్ సిద్ధంగా ఉంది. అది కాగ్నిజబుల్, పైగా నాన్ బెయిలబుల్, రెండేళ్ల వరకు జైలు. దెబ్బ తిన్నవాడు కోర్టు మెట్లెక్కి అనుమతి తెచ్చుకోవాలి, కొట్టినవాడు అదే సాయంత్రం కేసు రాయగలడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కేసు లేకుండా చూస్తామనే రాజీ మాట ఇక్కడే పుడుతుంది. సామాన్యుడు ఆ మాటకు తల ఊపక ఏం చేస్తాడు?

నిజానికి 132వ సెక్షన్ అంత సులువుగా వాడుకోదగినది కాదు. పాత శిక్షాస్మృతిలో 353గా ఉన్న ఈ నిబంధనకు దాడి గానీ, నేరపూరిత బలప్రయోగం గానీ జరిగి ఉండాలి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఒక ఇన్‌స్పెక్టరు ప్రవర్తన మీద కోపంగా రాసిన దంపతులపై పెట్టిన కేసును 2015 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కేవలం అరవడం, బెదిరించడం దాడి కిందికి రావని 2025లో మరో కేసులో మళ్లీ చెప్పింది. గొంతు పెంచినందుకు పౌరుణ్ణి నేరస్తుణ్ణి చేయకూడదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే చెప్పాక, ఒక ఎస్సై దాన్ని కాదని కేసు రాయడాన్ని పై అధికారులు ఎలా ఆమోదిస్తున్నారు?

బలప్రయోగానికి చట్టం హద్దులు గీసింది. అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం అరెస్టును బలంగా ప్రతిఘటించినప్పుడో, తప్పించుకోబోయినప్పుడో మాత్రమే అవసరమైన మార్గాలు వాడవచ్చు. తప్పించుకోకుండా ఆపడానికి కావలసినదానికి మించి నిర్బంధించకూడదని 46 చెబుతోంది. గుంపును చెదరగొట్టే అధికారం 148లో ఉంది. అది కూడా అక్రమ సమూహానికో, శాంతికి భంగం కలిగించేలా ఉన్న అయిదుగురు లేదా అంతకు మించినవారికో, ముందుగా వెళ్లిపొమ్మని ఆదేశించాకే వర్తిస్తుంది. కాగితం పట్టుకుని ఒంటరిగా నిలబడి కేకలు వేస్తున్న మనిషి ఈ మూడింటిలో దేని కిందికీ రాడు.

ఇక్కడ ఒక కష్టమైన సందర్భం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కలెక్టరేట్ల గేట్ల దగ్గర పోలీసులు అర్జీదారుల సంచులు వెతుకుతున్నారు. పురుగుమందు డబ్బా కోసం, పెట్రోలు సీసా కోసం. వేరుశనగ పండక, బోర్లు ఎండి, అప్పులు తీరక ఈ జిల్లాలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఎవరికీ చెప్పనక్కర లేదు. అందరి ముందు పెట్రోలు పోసుకోబోయిన మనిషి చేయి మెలిపెట్టి సీసా లాక్కున్న కానిస్టేబులు తన విధి చేశాడు. అందుకు అతనికి నమస్కరిస్తాం. అక్కడ బలం వాడకపోవడమే తప్పు. కానీ సీసా చేతిలోంచి పోయాక, తడిసిన బట్టలతో వణుకుతూ నిలబడ్డ ఆ మనిషి చెంప మీద పడే దెబ్బ ఎవరి ప్రాణం కాపాడటానికి? "చావాలని ఉంటే ఇంట్లో చావు" అన్న మాట ఏ శిక్షణలో నేర్పారు?

ఈ విషయంలో చట్టాలే రెండు దిక్కులకు లాగుతున్నాయి. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, విచారించి శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెప్పింది. అతనికి వైద్యం, సంరక్షణ ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదేనని కూడా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్‌ను తీసేసింది, మంచిదే. కానీ 226వ సెక్షన్‌లో, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికో విధి చేయకుండా ఆపడానికో ఆత్మహత్యకు యత్నిస్తే ఏడాది వరకు జైలు అని పెట్టింది. తహసీల్దారు కార్యాలయం ముందు పురుగుమందు తాగిన రైతుకు ఈ రెండింటిలో ఏది వర్తిస్తుంది? మొదట అంబులెన్సు రావాలా, కేసు రావాలా? స్టేషన్‌లో ఉన్న ఎస్సైకి ఈ ప్రశ్నకు లిఖితపూర్వకమైన జవాబు ఉండాలి. మొదట ఆసుపత్రి, డాక్టరు మాట తర్వాతే పోలీసు మాట అని డీజీపీ కార్యాలయం స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి.

"ఇది సీమ. ఇక్కడ పోలీసంటే భయం లేకపోతే ఊళ్లు నిలవవు." ఈ మాట మేము చాలామంది అధికారుల నోట విన్నాం. ఫ్యాక్షన్ రోజులు చూసిన పత్రిక మాది. పికెట్లు వేసి, గొడవలకు దిగమని పూచీ రాయించుకునే బైండోవర్లు రాసి, బాంబుల సంచులు పట్టుకుని పల్లెలకు ఊపిరి తీసుకునే వీలు కల్పించిన పోలీసుల పట్ల మాకు గౌరవం ఉంది. అయితే ఆ కాఠిన్యం ఎవరి కోసం పుట్టిందో, ఇప్పుడు ఎవరి మీద ఖర్చవుతోందో చూడాలి. అనుచరులతో, నాలుగు కార్లతో వచ్చి స్టేషన్‌లో కుర్చీ లాక్కుని కూర్చునే పెద్దమనిషి మీద చేయి లేచిన సందర్భం మాకు తెలియదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చే కూలీ మీద, పేరు చెప్పగానే కులం తెలిసిపోయే మనిషి మీద, తెలుగు సరిగా రాని వలస కార్మికుడి మీద లేస్తుంది. దీన్ని భయం అనలేం. బలహీనుడని చూసి కొట్టడం ఇది.

ఈ నేలకు ఈ అనుభవం కొత్త కాదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చిన దత్త మండలాల్లో, అంటే ఈ సీమలో, శిస్తు వసూలు చేసేవాడూ పోలీసూ ఒక్కడే. శిస్తు కట్టలేని రైతు వేళ్లను రెండు కర్రల మధ్య బిగించే కిట్టి, మెడా కాళ్లూ తాడుతో కలిపి వంచి ఎండలో నిలబెట్టడం, నెత్తిన బరువు పెట్టడం నిత్యకృత్యాలు. దీనిపై బ్రిటిష్ పార్లమెంటులో గొడవ జరిగాక మద్రాసు ప్రభుత్వం కమిషన్ వేసింది. 1855లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది. హింస కన్నా తమను ఎక్కువగా కలచివేసిన సంగతి, బాధితుడికి తన గోడు వినిపించుకుని ఉపశమనం పొందే దారి దొరకకపోవడమని రాసింది. ఆ తర్వాతే 1859లో మద్రాసు జిల్లాల పోలీసు చట్టం వచ్చింది, పోలీసు పని రెవెన్యూ నుంచి వేరుపడింది. ఆనాడు రాసిన ఆ వాక్యాన్ని ఈనాటి అర్జీదారుడికి చదివి వినిపిస్తే, తన గురించే రాశారనుకుంటాడు. ఇప్పుడు కూడా అతని గొడవ మొదలైంది రెవెన్యూ కాగితం దగ్గరే, ముగిసింది పోలీసు చేతిలోనే.

కానిస్టేబులు కష్టం మాకు తెలియనిది కాదు. తెల్లవారుజామున బందోబస్తుకు దిగినవాడికి మధ్యాహ్నం దాకా మంచినీళ్లు అందవు, వారాంతపు సెలవు చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది, పై అధికారి తిట్లు అదనం. ఏడాదిగా ఫైలు కదపని గుమాస్తా చల్లగా లోపల ఉంటాడు. ఆ ఫైలు వల్ల మండిపోయిన మనిషిని ఎదుర్కొనేది బయట ఎండలో నిలబడ్డ హోంగార్డు. అర్జీలు వినవలసినవాళ్లు వింటే గేటు దగ్గర తోపులాట ఉండదని అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలలో చదివి వచ్చిన ఏ కానిస్టేబుల్‌ను అడిగినా చెబుతాడు. పరేడ్‌కు, ఆయుధాలకు ఇచ్చినంత సమయం మండిపడుతున్న మనిషిని మాటలతో దించడం నేర్పడానికీ ఆ కళాశాలలో ఇవ్వాలని మేము కోరుతున్నాం.

ఎవరో ఫోనులో తీసిన దృశ్యం బయటికి వస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. సంబంధిత ఎస్సైని వీఆర్‌కు, అంటే పోస్టింగ్ లేని వేకెన్సీ రిజర్వుకు పంపుతారు, శాఖాపరమైన విచారణ అంటారు. కొన్ని నెలలకు ఆయన మరో స్టేషన్‌లో కనిపిస్తాడు. విచారణలో ఏం తేలిందో దెబ్బ తిన్నవాడికి ఉత్తరం ముక్క కూడా రాదు. వీడియో లేని దెబ్బకు ఈ మాత్రం కూడా లేదు. స్టేషన్ గేటు నుంచి లాకప్ దాకా మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టి, ఆ దృశ్యాలను పద్దెనిమిది నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. డీఎస్పీ స్థాయి వరకు పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకొక ప్రాధికార సంస్థ ఉండాలని 2006లో పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలులోనే తెరిచారు. ఆ కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతులు ఎన్ని స్టేషన్ల గోడల మీద తెలుగులో రాసి ఉన్నాయి?

మేము అడిగేది ఒకటే, అది పెద్ద కోరిక కాదు. ప్రతి స్టేషన్‌లో జనరల్ డైరీ ఉంది. ఎవరు వచ్చారు, ఎవరు బయటికి వెళ్లారు అన్నీ అందులో రాస్తారు. ఏ పోలీసు ఏ పౌరుడి మీద చేయి వేసినా, లాఠీ ఎత్తినా, అరెస్టు ఉన్నా లేకపోయినా, అదే రోజు అందులో రాయాలి. ఎవరి మీద, ఎక్కడ, ఎందుకు, ఎదుటివాడు ఏం చేశాడు, గాయమైందా, ఆసుపత్రికి పంపారా అన్నది ఉండాలి. రాసిన దాని నకలు ఆ మనిషికి ఇవ్వాలి. నెలకోసారి ఎస్పీ ఆ పద్దులు చూసి సంతకం చేయాలి. కెమెరాలో దెబ్బ కనిపించి డైరీలో లేకపోతే, దాచినందుకే చర్య తీసుకోవాలి. పెట్రోలు సీసా లాక్కున్న కానిస్టేబులు దాన్ని వెనకాడకుండా రాయగలడు.

దీనికి కొత్త చట్టం అక్కర లేదు, అసెంబ్లీలో చర్చ అక్కర లేదు, బడ్జెట్ అక్కర లేదు. అనంతపురం, కడప, కర్నూలు ఎస్పీలు తమ స్టేషన్లకు ఒక్కొక్క మెమో పంపితే చాలు. వచ్చే సోమవారం అర్జీదారుల బస్సులు రాకముందే ఆ మెమో గేటు దగ్గరి పోలీసు చేతికి చేరాలి.