వాయిదాల మీద వ్యాయామం

అరగంట నడక మీద నాకు అభ్యంతరం లేదు. ఉదయం అయిదున్నర మీదే అభ్యంతరం. డాక్టరు గారు చీటీలో రెండూ కలిపి రాశారు. నలభై రోజుల్లో నేను పార్కు వైపు వెళ్ళింది నాలుగుసార్లు. అందులో ఒకసారి గేటు ముందున్న ఇడ్లీ బండి దగ్గరే ఆగిపోయాను.

అప్పుడు పేపర్లో ఒక చల్లని కబురు కనిపించింది. కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే వ్యాయామం కింద లెక్క అని చెబుతూ వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020లో ఆ షరతు ఎత్తేసిందట. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలి. అది ముక్కలు ముక్కలుగా అయినా సరే. (రోజుకు పదివేల అడుగులన్న లెక్క కూడా 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చిందే. నా బద్ధకానికి పనికొచ్చే సంగతులు నాకు బాగా గుర్తుంటాయి.) ఫ్రిజ్జు, టీవీ, స్కూటరు అన్నీ వాయిదాల మీద కొన్నవాణ్ణి, ఆరోగ్యానికి మాత్రం రొక్కం ఎందుకు చెల్లించాలి?

మర్నాడే మొదటి వాయిదా. పళ్ళు తోముకుంటూ మునివేళ్ళ మీద లేచాను. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టమని మా ఆవిడ చెబితే, వంటింటి గోడకు చేతులానించి దండీలు మొదలుపెట్టాను. దండీలు ఇరవై అని నాకు ఖాయంగా తెలుసు. విజిల్స్ ఎన్నో తెలియదు. ఆ పూట పప్పును గ్లాసుల్లో పోసుకున్నాం.

అసలు కథ ఆఫీసులో జరిగింది. జిరాక్స్ కాగితాలు వచ్చేలోపు యంత్రం ముందు బస్కీలు తీస్తున్నాను. నా దృష్టిలో అవి బస్కీలే. ఎదుటి గోడ మీద వినాయకుడి క్యాలెండర్ ఉండటంతో, చూసేవాళ్ళకు గుంజిళ్ళయ్యాయి. అటెండరు వచ్చి చూశాడు. ఏమీ అడగలేదు. చెప్పులు విప్పి, నా పక్కన నిలబడి, చెవులు పట్టుకుని తానూ అయిదు తీసి, లెంపలు వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఆఫీసు రెండుగా చీలింది. నాది మొక్కు అని ఒక వర్గం, బిల్లులో తప్పుకు ఆఫీసరు గారు వేసిన శిక్ష అని రెండో వర్గం. సాయంత్రం ఆయన నుంచి పిలుపు వచ్చింది.

"ఏమండీ, నేను మీచేత గుంజిళ్ళు తీయించానా?"

"అయ్యో, లేదు సార్. వాయిదాల పద్ధతి..."

ఆయన ముఖం మెత్తబడింది. "వాయిదాలు కట్టలేకపోతున్నారా? ముందే చెప్పకూడదా!" అంటూ పీఎఫ్ అడ్వాన్సు దరఖాస్తు చేతిలో పెట్టారు.

ఆ దెబ్బకు మర్నాడు అయిదున్నరకే పార్కులో ఉన్నాను. అక్కడ పన్నెండుమంది పెద్దలు చేతులు పైకెత్తి ఆకాశంకేసి పకపకా నవ్వుతున్నారు. ఎవరూ వాళ్ళ అప్పుల గురించి అడగడం లేదు. కాళ్ళకు బూట్లుంటే చాలు, మనిషి ఏ వేషమైనా వేయవచ్చన్నమాట.

ఇంతలో అటెండరు కొడుకుకు ఉద్యోగం వచ్చింది. అందరికీ ఉండ్రాళ్ళు పంచాడు, నాకు రెండు ఎక్కువ వేశాడు. ఇప్పుడు జిరాక్స్ యంత్రం మీద రోజూ గరిక ఉంటోంది. కాగితం ఇరుక్కోవడం కూడా తగ్గిందంటున్నారు.