దాణా బస్తా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ దాణా బస్తా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, తమరి కుశలం కొట్టం పైకప్పును తాకుతున్న వరుసలు చూస్తేనే తెలుస్తోంది. మా పశువుల కుశలం విన్నవించుకోవడానికే ఈ లేఖ.

తమరి రాకకు పూర్వం ఆవు చేసుకుంటూ వచ్చిన పని ఏమిటో ముందుగా మనవి చేస్తాను. మనిషి ఎంత నమిలినా అరగని గడ్డిని అది వంద లీటర్లకు పైగా పట్టే పెద్ద పొట్టలో వేసుకుని, అక్కడ కాపురమున్న సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి, రోజులో ఏడెనిమిది గంటలు తీరిగ్గా నెమరు వేసి, పాలుగానో మాంసంగానో మార్చి మనకు అప్పగించేది. నమిలినప్పుడల్లా ఊరే లాలాజలం రోజు మొత్తం మీద వంద లీటర్లు దాటుతుంది. అందులోని క్షారం పొట్టలో పుట్టే పులుపును ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. ఈ ఏర్పాటులో లోపం ఉందని తమరు వచ్చి సెలవిచ్చేదాకా ఎవరికీ తోచలేదు. ఆవు మరీ నిదానంగా లావెక్కుతోందట!

అందుచేత తమరు మొక్కజొన్నను, బార్లీని, గోధుమను పిండి చేసి తొట్టిలో పోశారు. పిండిపదార్థం గడ్డిలోని పీచు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పులుస్తుంది. నమలడానికి పీచు లేదు గనుక నెమరు తగ్గుతుంది, నెమరు తగ్గింది గనుక లాలాజలం తగ్గుతుంది, లాలాజలం తగ్గింది గనుక పులుపును విరిచే దిక్కు ఉండదు. గడ్డి మీద బతికే పశువు పెద్ద పొట్టలో సాధారణంగా ఆరుకూ ఏడుకూ మధ్య ఉండే పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) అయిదున్నరకు దిగుతుంది. దాణా గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, కడుపారా తిన్న ఆవును మర్నాడు చూసినవారికి ఈ అంకెలతో పని లేదు. ఎడమ డొక్క బిగిసి ఉంటుంది, నెమరు ఆగిపోతుంది, పళ్లు కొరుకుతూ తల వేలాడేసుకుని నిలబడుతుంది. పేడ నీళ్లలా జారి, పుల్లటి వాసన వేస్తూ, అందులో అరగని గింజలు తేలుతుంటాయి. వెంటనే వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు.

ఇంకెవరైనా ఈపాటికి మొహం చాటేసేవారు. తమరు అలా చేయలేదు. తలుపు తానే విరగ్గొట్టి, వడ్రంగిని కూడా తానే వెంటబెట్టుకొచ్చే చుట్టంలా మళ్లీ గుమ్మంలో దిగారు. పులుపు పెరిగిందా, ఇదిగో వంటసోడా. పొట్టలోని సూక్ష్మజీవులు అదుపు తప్పాయా, ఇదిగో వాటిని అదుపు చేసే మొనెన్సిన్ మందు. పులుపు వల్ల పొట్ట గోడ దెబ్బతిని, క్రిములు రక్తంలో పడి, కాలేయంలో చీముగడ్డలు కట్టాయా, దానికీ చింత లేదు, అమెరికాలో పశువులను దొడ్లలో ఉంచి దాణాతో బలిపించే ఫీడ్‌లాట్లలో వాడే టైలోసిన్ అనే యాంటీబయాటిక్ ఉండనే ఉంది. జబ్బునూ మందునూ ఒకే సంచిలో కలిపి కుట్టగల నేర్పు లోకంలో మరెవరికుంది? పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్‌లు కలపకూడదని 2006 నుంచి ఐరోపా సమాఖ్య నిషేధం పెట్టినప్పుడు తమరి మనసు నొచ్చుకునే ఉంటుంది.

తమరి వంశచరిత్రలో తమరు అట్టే చెప్పుకోని అధ్యాయం ఒకటుంది. మాంసకృత్తులు చవగ్గా దొరుకుతాయని, గడ్డి తినే జంతువుకు మాంసం, ఎముకల పిండిని దాణాలో కలిపి పెట్టిన కాలమది. 1986లో బ్రిటన్‌లో ఆవులకు మెదడును తినేసి చంపే పిచ్చి ఆవు వ్యాధి సోకినట్టు గుర్తించారు. అది ఆ పిండి ద్వారానే వ్యాపిస్తోందని తేలాక, 1988లో దాన్ని నెమరువేసే పశువులకు పెట్టడం అక్కడ మానిపించారు. ఆ ఆవులకు తొట్టిలో ఏముందో తెలియదు. తమరికి తెలుసు.

ఇదంతా చదివి గడ్డి గారు మురిసిపోనక్కరలేదు. ఈ మధ్య వారు కూడా మాంసం పొట్లాల మీద పచ్చటి అక్షరాలతో వెలుస్తున్నారు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటోంది. నిజానికి ఫీడ్‌లాట్‌లో దాణా తిని బలిసిన పశువు కూడా అంతకు ముందు నెలల తరబడి పచ్చికలోనే పెరుగుతుంది. తేడా అంతా చివరి నాలుగైదు నెలల్లో ఉంది. పైగా 'గడ్డి మేపినది' అనే మాటకు తాను పెట్టుకున్న ప్రమాణాన్ని అమెరికా వ్యవసాయ శాఖ 2016లో తానే ఉపసంహరించుకుంది. గడ్డి మీద పెరిగిన పశువు మాంసంలో ఒమేగా-3 కొవ్వులు ఎక్కువే, కాని చేపల పక్కన పెడితే అది లెక్కలోకి రాదు. పీచు పులిసేటప్పుడు మీథేన్ ఎక్కువ పుడుతుంది, పశువు ఎదగడానికి ఎక్కువ కాలం పడుతుంది, కాబట్టి కిలో మాంసానికి వెలువడే మీథేన్ గడ్డి వైపే ఎక్కువ. మంచుతో తడిసిన లేత లూసర్న్ అనే పచ్చిమేతను ఆకలి మీదున్న పశువు ఆబగా మేస్తే కడుపు ఉబ్బి గంటల్లో కూలిపోవచ్చు. రోజుకు నలభై లీటర్లు పాలిచ్చే ఆవును వట్టి గడ్డి మీద నిలబెడితే తన ఒంట్లోని కొవ్వే కరిగించుకుని చిక్కి శల్యమవుతుంది. (అంత పాలిచ్చే ఆవును పుట్టించిందే తమరిని నమ్ముకుని అన్నది వేరే సంగతి.)

కాబట్టి తమరిని వెళ్లగొట్టాలన్నది నా ఉద్దేశం కాదు. ప్రపంచంలో పశువులు, కోళ్లు తినే మేతలో 86 శాతం మనిషి తినలేనిదేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు లెక్క తేల్చారు. అందులో గడ్డితో పాటు తవుడు, నూనె తీసిన చెక్క, పంట కోసిన తరువాత మిగిలిన చొప్ప కూడా ఉన్నాయి. ఆ సరుకు మోసుకొస్తే తమరికి పీట వేసి కూర్చోబెడతాం. నా అభ్యంతరమల్లా మిగిలిన ఆ కాస్త వాటా మీదే, ఎందుకంటే లోకంలో పండే ధాన్యంలో సుమారు మూడో వంతు అక్కడికే పోతోంది. ఫీడ్‌లాట్‌లో పశువు ఒక కిలో బరువు పెరగడానికి ఆరు కిలోల పైచిలుకు మేత కావాలి. మనిషి తినలేనిదాన్ని ఆహారంగా మార్చే జంతువును పట్టుకొచ్చి, మనిషి తినేదాన్నే దాని ముందు పోసి, ఆరింటికి ఒకటి తిరిగి పుచ్చుకోవడాన్ని తమరు అభివృద్ధి అంటున్నారు.

కనుక ఇకముందు తమరు వచ్చేటప్పుడు, పాలు ఎంత పెరుగుతాయో సంచి మీద ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తున్నారో, లోపల మనిషి తినదగిన ధాన్యం ఎన్ని పాళ్లుందో, పశువు ఏ మేరకు మించి తింటే నెమరు ఆగుతుందో కూడా అంత పెద్ద అక్షరాలతోనే అచ్చు వేయించుకుని రాగలరని ప్రార్థన. సంచి మీద చోటు చాలకపోతే నిగనిగలాడే ఆ ఆవు బొమ్మను తీసేయండి. మా ఆవులకు తమరి సంచి మీది బొమ్మ చూసి మేసే అలవాటు లేదు.

ఇట్లు,
పేడ చూసి పశువు ఆరోగ్యం తెలుసుకునే
ఒక పెంపకందారు