రంపం పట్టే చేతికి చదువు కావాలి

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో ఒక గట్టి వాన పడితే చాలు, మర్నాడు అదే ఫొటో: కారు మీద ఒరిగిన తురాయి చెట్టు. గాలివాన బీభత్సం అని రాస్తాం. ఆ చెట్టు చావు చాలాసార్లు ఏళ్ల కిందటే, తప్పుగా పడిన రంపపు కోతతోనో తెగిన వేరుతోనో మొదలై ఉంటుంది.

మన చర్మంలా చెట్టుకు గాయం మానదు. దెబ్బతిన్న చోటు చుట్టూ గోడ కట్టుకుని మిగతా ఒంటిని కాపాడుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి చెప్పిన సంగతి ఇది. కొమ్మ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. దానికి కాస్త బయటగా కోస్తే ఆ గోడ సరిగ్గా లేస్తుంది. ఉబ్బును చెక్కేసినా, మూరెడు మోడు వదిలినా కుళ్లు లోపలికి దిగుతుంది. బరువైన కొమ్మకు ముందు అడుగున గాటు పెట్టాలి, లేదంటే విరిగేటప్పుడు మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. తల నరికిన నిద్రగన్నేరుకు గుబురుగా చిగుళ్లొస్తే బతికిందని సంబరపడతాం. అవి పైపైన అతుక్కున్న కొమ్మలు. లావెక్కాక ముందు విరిగేవి అవే.

మా మారతహళ్లి వీధిలో కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టడానికి వచ్చినతను మదనపల్లె వైపువాడు. నడుముకు తాడైనా లేదు. ఎక్కడ కొయ్యాలో ఎవరు చెప్పారని అడిగాను. "మాకెవురూ చెప్పల్యా సార్. తీగకు తగలకుండా సూడమన్నారు, అంతే" అన్నాడు. అతని తప్పేముంది?

కర్ణాటకలో 1976 నుంచి చెట్ల చట్టం ఉంది. చెట్టు కొట్టాలంటే వృక్షాధికారి అనుమతి కావాలి. ఎలా కొయ్యాలో తెలిసినవాడే కొయ్యాలన్న షరతు మాత్రం మన వీధుల్లో కనబడదు. పైగా అటవీ శాఖ చదువు అడవి కోసం పుట్టింది. కేబుల్ గుంతకూ కాంక్రీటుకూ మధ్య నిలబడ్డ ఒంటరి చెట్టును చూసుకోవడం వేరే విద్య. మానుకు ఒక మీటరు దూరం వరకు కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీకి చెప్పింది. ఇక్కడ ఇంకా టైల్స్‌ను మాను మొదలు దాకా పరుస్తున్నారు.

మనుషుల ప్రాణాలు పోతుంటే శాస్త్రమేంటి, ముసలి చెట్లు కొట్టేయండి అనేవాళ్లున్నారు. వాళ్ల భయం నిజమే. కానీ ఏ చెట్టు ప్రమాదకరమో తేల్చడానికీ తెలిసినవాడే కావాలి కదా!

అసలు జబ్బు ఇంకా లోతుది. చేత్తో చేసే పనిలో విద్య ఉందని మనం ఒప్పుకోం. కరెంటు వైరు లాగేవాడికి లైసెన్సు అడుగుతాం. యాభై అడుగుల చెట్టెక్కేవాడిని మాత్రం రోజుకూలికి పిలుస్తాం. బ్రిటన్‌లో చెట్ల పనికి బీఎస్ 3998 అనే ప్రమాణం ఉంది. అలాంటిది కన్నడలో, తెలుగులో, తమిళంలో బొమ్మలతో అచ్చువేయాలి. శిక్షణ, బీమా, నడుముకు బెల్టు ఉన్నవాళ్లకే పని ఇవ్వాలని టెండరులో రాయాలి. వచ్చే ఏప్రిల్‌కి ముందే మొదలుపెట్టాలి. మదనపల్లె నుంచి వచ్చిన ఆ మనిషికి మొదటి విడతలోనే సీటివ్వాలి.